బావమరిది వాక్యాలు: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

వ్యాఖ్యానం మొదలుపెట్టేవాడు ముందుగా నాలుగు సంగతులు తేల్చాలని పూర్వుల కట్టడి: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఈ గ్రంథానికి విషయం, ఒక బావమరిది చూసిన సినిమాలు, ఒక సిరీస్, ఒక నవ్వుల ప్రదర్శన. ప్రయోజనం, ఆదివారం సాయంత్రం ఏం చూడాలో తెలియడం. సంబంధం, గ్రహీత గ్రంథకర్తకు అక్క మొగుడు కనుక వేరే చెప్పనక్కర్లేదు. అధికారి, అంటే ఈ గ్రంథం చదవడానికి అర్హుడు, మూడు నాలుగు ఓటీటీలకు డబ్బు కట్టి, భోజనాలయ్యాక రిమోట్ పట్టుకుని, ఏం చూడాలో తోచక ట్రైలర్లు తిప్పీ తిప్పీ చివరికి ఏమీ చూడకుండానే పడుకునే గృహస్థు.

గ్రంథకర్త పేరు తెలియదు. కాలం 2025 వేసవి. దేశం హైదరాబాదు, కూకట్‌పల్లి వైపు కావచ్చునని కొందరి ఊహ. వృత్తికీ సినిమాకీ సంబంధం లేదు. లెన్సుల పేర్లు తెలియవు, స్క్రీన్‌ప్లే పాఠాలు చదవలేదు, ఏ దర్శకుడితోనూ ఫొటో దిగలేదు. ఈ గ్రంథం రాయడానికి అతనికున్న యోగ్యతలు ఇవే. మూలం వాట్సాప్‌లో ఒకే సందేశంగా, చుక్కలూ కామాలూ లేకుండా దొరికింది. ఆరు వాక్యాలుగా విడదీసింది మేము.

వ్యాఖ్యాతల్లో మేటి మల్లినాథసూరి మనవాడే. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరని చెబుతారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. మాదీ అదే ప్రతిజ్ఞ. కాకపోతే ఇక్కడ మూలం వాట్సాప్ సందేశం కనుక ఉన్నదానికన్నా లేనిదే ఎక్కువ. లేనిదాన్ని సందర్భం చూసి పూరించుకోవడాన్ని అధ్యాహారం అంటారు. అది శాస్త్రసమ్మతమే.

మూలం

1. బావా, పుష్ప టూ చూశా. ఫస్టాఫ్ అదిరింది. సెకండాఫ్ కొంచెం ల్యాగ్.

2. ఒకసారి చూడొచ్చు.

3. కోర్ట్ ఓటీటీలో చూశా. థియేటర్‌లో చూడాల్సింది.

4. అడాలసెన్స్ ఒక ఎపిసోడ్ అయ్యింది. మిగతావి నీ చెల్లెమ్మ పడుకున్నాక.

5. తథాస్తు చూసి తెగ నవ్వా. ఏమన్నాడో మాత్రం గుర్తులేదు.

6. అక్కని బలగం ఒక్కతే చూడొద్దని చెప్పు.

ప్రథమ వాక్యం

ప్రతిపదార్థం: బావా = ఓ అక్క భర్తా; పుష్ప టూ = సుకుమార్ దర్శకత్వంలో, అల్లు అర్జున్ నాయకుడిగా, 2024 డిసెంబరు 5న విడుదలై, 200 నిమిషాలు నడిచే చిత్రాన్ని; చూశా = చూచితిని; ఫస్టాఫ్ = విశ్రాంతికి పూర్వభాగము; అదిరింది = కూర్చున్న కుర్చీతో సహా కంపించినది; సెకండాఫ్ = సమోసా తిన్న తరువాతి భాగము; కొంచెం = బావ మనసు నొప్పించనంత; ల్యాగ్ = జేబులోంచి ఫోను తీయదగినది.

తాత్పర్యం: సినిమా బాగుంది. నాకు నిద్ర వచ్చింది. రెండూ నిజమే.

విశేషం: సినిమాల విషయంలో ‘చూశా’ అన్న మాటను అన్నిచోట్లా ఒకే అర్థంలో తీసుకోరాదు. జ్ఞానానికి ఆరు ప్రమాణాలు చెప్పారు. హాల్లో కూర్చుని చూడటం ప్రత్యక్షం. ట్రైలర్ చూసి కథ చెప్పేయడం అనుమానం. ‘దృశ్యం లాంటిదట’ అనుకోవడం ఉపమానం. ఆఫీసులో పక్క సీటువాడు చెప్పినది వినడం శబ్దం. ‘టీవీలో ఇన్నిసార్లు వేస్తున్నారంటే బాగుండే ఉంటుంది’ అనడం అర్థాపత్తి. శుక్రవారం మ్యాట్నీకి అడిగినన్ని సీట్లు ఖాళీగా కనబడితే అది అనుపలబ్ధి. మన కాలంలో ఏడో ప్రమాణం పుట్టింది, దాని పేరు రీల్స్. క్లైమాక్స్ ఫైటు, హీరో ఎంట్రీ, రెండు డైలాగులు ఫోన్లో చూసినవాడు కూడా ‘చూశా’ అనే అంటాడు. మన గ్రంథకర్త సెకండాఫ్‌ను తప్పుపట్టాడు కాబట్టి అతనిది ప్రత్యక్షమే. రీల్స్‌లో సెకండాఫ్ ఉండదు.

శంక: ల్యాగ్ సినిమాలో ఉందా, చూసినవాడిలో ఉందా?

సమాధానం: కొంత లెక్క వేద్దాం. కథకు అయిదు సంధులు అన్నాడు నాట్యశాస్త్రకర్త భరతుడు: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం. మన సినిమా మధ్యలో ఇంటర్వెల్ అనే గోడ కట్టింది. ఆ గోడ దగ్గర పెద్ద దెబ్బ పడాలి గనుక ముఖం, ప్రతిముఖం, గర్భం మూడూ దానికి ఇవతలే అయిపోతాయి. గోడకు అవతల మిగిలేవి రెండే. 200 నిమిషాల చిత్రాన్ని సరిసగం చేస్తే ముందు సగంలో సంధికి 33 నిమిషాలు, వెనక సగంలో సంధికి 50 నిమిషాలు. ఈ విధంగా సెకండాఫ్ ల్యాగ్ ఏ ఒక్క సినిమా దోషమూ కాదు, గోడ దోషం.

రెండో కారణం ప్రేక్షకుడి ఒంట్లోది. రసాస్వాదనకు ఏడు విఘ్నాలు లెక్కపెట్టిన అభినవగుప్తుడు, చూసేవాడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగి ఉండటం కూడా విఘ్నమే అన్నాడు. రాత్రి తొమ్మిదిన్నర ఆటకు వెళ్లినవాడు 200 నిమిషాల సినిమా చూసి బయటికొచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది. పదకొండున్నర దగ్గర పొద్దున్న పిల్లల స్కూలు బస్సు గుర్తొస్తుంది. అక్కడి నుంచి ఎర్రచందనం కన్నా పార్కింగ్ ముఖ్యమవుతుంది.

అలాగని నేరమంతా నిద్ర మీదికి తోయలేం. అంత నిద్రలోనూ, గంగమ్మ జాతరలో నాయకుడు చీర కట్టి ఆడిన ఘట్టం రాగానే ఇదే మనిషి నిటారుగా కూర్చున్నాడు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు ఆడవేషం కట్టే మొక్కు తెలిసినవాళ్లకు ఆ ఘట్టంలో ఇంకో రుచి దొరుకుతుంది, తెలియనివాళ్లకు దరువు చాలు. బలమైన ఘట్టం వస్తే విఘ్నం తొలగుతుందని దీనివల్ల సిద్ధించింది. ల్యాగ్ అన్న మాట లోకమంతా వినబడుతుండగానే, 2025 జనవరి 17న ఇదే చిత్రానికి మరో 20 నిమిషాలు కలిపి హాళ్లలో వేశారు. ల్యాగ్ దోషం కాదు, అభిమానికి గుణమేనని ఒక సంప్రదాయం వారు దీన్ని ప్రమాణంగా చూపుతారు. వారితో మాకు వాదం లేదు, ఎందుకంటే వారు గుంపుగా వస్తారు.

ద్వితీయ వాక్యం

ప్రతిపదార్థం: ఒకసారి = రెండుసార్లు కాకుండా; చూడొచ్చు = చూడకపోయినా పోయేదేం లేదు.

తాత్పర్యం: వ్యాఖ్యాతకు అందనిది. ప్రయత్నిస్తాం.

విశేషం: ఇది ఈ గ్రంథంలోనే కాదు, తెలుగువాడి సమస్త సినీ వాఙ్మయంలో మహావాక్యం. బాగున్న సినిమాకూ చెల్లుతుంది, బాగాలేని సినిమాకూ చెల్లుతుంది. మీమాంసకుల లెక్కలో వాక్యం ‘చెయ్యి’ అంటే విధి, ‘చెయ్యొద్దు’ అంటే నిషేధం. ఇది రెండూ కాదు, వట్టి అనుమతి. అనుమతి ఇచ్చినవాడి మీద పూచీ ఉండదు. బావ వెళ్లి చూసి డబ్బు దండగ అన్నాడనుకోండి, ‘చూడొచ్చు అన్నానుగానీ చూడమన్నానా’ అని తప్పుకోవచ్చు. బాగుంది అన్నాడనుకోండి, ‘చెప్పానుగా’ అనొచ్చు. ఓడిపోవడానికి ఎక్కడా సందు లేని వాక్యం ఇది.

విమర్శకులు ఇదే పని అంకెలతో చేస్తారు. అయిదుకు 3 అంటే నిర్మాతకు కోపం, 2.5 అంటే హీరో అభిమానులకు కోపం, కాబట్టి 2.75 అనే అంకె పుట్టింది. బంగారం తూచేవాడు కూడా పావు దగ్గర ఇంత జాగ్రత్త పడడు. నెట్‌ఫ్లిక్స్ వారు 2017లో అయిదు నక్షత్రాలు తీసేసి బొటనవేలు పెట్టారు. 2022లో రెండు బొటనవేళ్లు కలిపారు. అంకె పోయి వేలు వచ్చినా, ఎవరి కోసం ఆ వేలు లేపారో తెలియదు.

ఇప్పుడు అసలు చిక్కు. ‘ఒకసారి చూడొచ్చు’, సరే, ఎవరు? వాక్యంలో కర్త లేడు. ఎవరైనా చూడొచ్చునని అర్థం తీసిన వ్యాఖ్యాతలు ఉన్నారు. అది సరికాదు. సందేశం మొదట్లో ‘బావా’ అన్న సంబోధన ఉంది. దాని వెలుగు కిందికంతా పడుతుంది. ‘నువ్వు’ అని అధ్యాహారం చేసుకోవాలి. నువ్వు, అంటే పాటలొస్తే విసుక్కునేవాడివి, ఫైట్లంటే ప్రాణమిచ్చేవాడివి, ఐమాక్స్ అయినా మైత్రివనం పక్కనున్న హాలైనా కాళ్లు చాపుకునే చోటుంటే చాలునన్నవాడివి. అలాంటి నువ్వు ఒకసారి చూడొచ్చు. కర్తను పెట్టుకోగానే వాక్యం ఎంత స్పష్టమైందో గమనించాలి. ఇంతకుముందు అది గోడ మీద పిల్లి. ఇప్పుడు అది కొలిచి కుట్టిన చొక్కా.

ఉపవిశేషం: ‘ఒకసారి’ అన్న తీర్పు మీద అప్పీలుంటుంది. 2010లో విడుదలైన ఖలేజాను అప్పట్లో ఒకసారి చూడటానికి కూడా చాలామంది వెనకాడారు. తర్వాత టీవీలో ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లు చూశారు. 2025 మే నెలాఖరున మళ్లీ విడుదల చేస్తే హాలుకెళ్లి డైలాగులు తెర కన్నా ముందే చెప్పారు. ఆ పదిహేనేళ్లలో సినిమా మారలేదు. విమర్శకుల పాత అంకెలూ మారలేదు. తీర్పు తిరగరాసింది మధ్యాహ్నం అన్నం తింటూ టీవీ చూసిన బావమరుదులే.

తృతీయ వాక్యం

ప్రతిపదార్థం: కోర్ట్ = 2025 మార్చి 14న వచ్చిన, రామ్ జగదీశ్ దర్శకత్వంలో నాని సమర్పించిన, పోక్సో చట్టం చుట్టూ తిరిగే చిత్రం; ఓటీటీలో = సోఫాలో; థియేటర్‌లో చూడాల్సింది = చూడనందుకు చింతిస్తున్నాను, అయినా ఈసారి కూడా వెళ్లను.

తాత్పర్యం: పశ్చాత్తాపం సోఫా మీద సుఖంగా కూర్చుంది.

విశేషం: ఓటీటీ కోసం ఆగడం ఒక వ్రతం. ఎన్నాళ్లాగాలన్నది చిత్రాన్ని బట్టి ఉంటుంది. కల్కి 2898 ఏడీ 2024 జూన్ 27న హాళ్లకు, ఆగస్టు 22న ఇళ్లకు వచ్చింది, 56 రోజులు. పుష్ప 2 కూడా 2025 జనవరి 30న, సరిగ్గా 56 రోజులకే వచ్చింది. కోర్ట్ ఏప్రిల్ 11న, 28 రోజులకు. బలగం 2023 మార్చిలో మూడు వారాలకే. పెద్ద సినిమాకు పెద్ద దీక్ష, చిన్న సినిమాకు చిన్న దీక్ష అన్నమాట. దీన్ని గ్రంథకర్త బాగా పట్టాడు: పుష్పకు 56 రోజులు ఆగలేక హాలుకెళ్లాడు, కోర్ట్‌కు 28 రోజులే కదా అని ఆగాడు. ఇందులో అన్యాయం ఏమిటంటే, హాలు టికెట్టు ఎక్కువ అవసరమైన సినిమాకే అది దక్కలేదు. గ్రంథకర్త ‘చూడాల్సింది’ అన్నది ఇందుకేనని మా అభిప్రాయం. అతని చేత ఇది చెప్పించడానికి ప్రియదర్శి లాయరు కోటు, శివాజీ మంగపతి కోపం రెండూ కావాల్సివచ్చాయి.

ఇంకొకటి. నాటకంలో పోటీ వచ్చినప్పుడు తీర్పు చెప్పే ప్రాశ్నికుల జాబితా నాట్యశాస్త్రంలో ఉంది: యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణం తెలిసినవాడు, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజోద్యోగి. ఎవరి రంగం వచ్చినప్పుడు వారు పలకాలి. మంచి గుణాలన్నీ ఒక్క ప్రేక్షకుడిలో ఉండవని కూడా భరతుడే ఒప్పుకున్నాడు. నేటి తెలుగింట్లో ఆ జాబితా చెక్కుచెదరలేదు. కోర్టు సీన్ రాగానే లాయరు చదివిన చిన్నాన్న ‘నిజం కోర్టులో అలా అరవనివ్వరు’ అంటాడు. ఆపరేషన్ సీన్ రాగానే నర్సు పిన్ని మాస్కు సరిగ్గా లేదంటుంది. సాఫ్ట్‌వేర్ మేనల్లుడు పులిని చూసి గ్రాఫిక్స్ అంటాడు. మిగతావాళ్లంతా ‘ష్’ అంటారు. ఆ ‘ష్’ అనేవారిని భరతుడు లెక్కలో వేయలేదు, బహుశా ఆ రోజుల్లో పాజ్ బటన్ లేక.

చతుర్థ వాక్యం

ప్రతిపదార్థం: అడాలసెన్స్ = 2025 మార్చి 13న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన నాలుగు భాగాల బ్రిటిష్ సిరీస్; ఒక ఎపిసోడ్ అయ్యింది = గుండె దడ ఇంకా తగ్గలేదు; నీ చెల్లెమ్మ = నా భార్య; పడుకున్నాక = పడుకుందని నేను అనుకున్నాక.

తాత్పర్యం: మిగతా మూడు భాగాలు ఒంటరిగా, చప్పుడు తగ్గించి, అడుగున అక్షరాలు చదువుతూ చూస్తాను.

విశేషం: ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలునని స్థాలీపులాక న్యాయం. సిరీసులకు లోకం వాడేది ఈ న్యాయమే: ఒక ఎపిసోడ్ చూడు, నచ్చితే తిను, లేకపోతే గిన్నె దించు. అయితే ఈ సిరీస్ ఆ న్యాయానికి లొంగదు. మొదటి భాగంలో తెల్లవారుజామున పోలీసులు తలుపు బద్దలుకొట్టి పదమూడేళ్ల పిల్లవాణ్ణి తీసుకుపోతారు. రెండోది బడి. మూడోది ఒక గది, ఆ పిల్లవాడు, ఒక మానసిక నిపుణురాలు. నాలుగోది ఆ ఇంటివాళ్లు. మెతుకు మెతుకుకీ ఉడుకు వేరు. పైగా ప్రతి భాగాన్నీ ఎక్కడా కోత లేకుండా ఒకే షాటులో తీశారు. కోత ఉంటే చూసేవాడు ఊపిరి తీసుకుంటాడు, లేచి వెళ్లి మంచినీళ్లు తాగుతాడు. కెమెరా ఆగకపోతే బావమరిదీ ఆగలేడు. ఆ పిల్లవాడి వేషం కట్టిన ఓవెన్ కూపర్ 2025 సెప్టెంబరులో పదిహేనేళ్లకే ఎమ్మీ అందుకున్నాడు. నటనకు ఆ బహుమతి పొందిన మగవాళ్లలో అందరికన్నా చిన్నవాడు.

‘చెల్లెమ్మ పడుకున్నాక’ అన్నచోట వ్యాఖ్యాతలు మూడు దారులు పట్టారు. ఆమె భయపడుతుందని ఒకరు. తొమ్మిదిన్నర వరకు రిమోట్ ఆమెది అని ఒకరు. ఇంట్లో ఎనిమిదో తరగతి కుర్రాడు ఉన్నాడనీ, ఇది చూస్తే ఆమె రాత్రికి రాత్రి వాడి ఫోన్ లాక్కుంటుందనీ, వాడితో మాట్లాడే పని తన మీద పడుతుందనీ మూడోవారు. మూడో పక్షమే ప్రబలం. అయితే ఇటీవల ఇంకో ప్రతి దొరికింది. చెల్లెమ్మే అక్కకు పంపిన సందేశం అది: ‘వదినా, అడాలసెన్స్ నాలుగూ మధ్యాహ్నమే చూసేశా. ఆయనకి చెప్పకు, భయపడతారు.’

పంచమ వాక్యం

ప్రతిపదార్థం: తథాస్తు = ఆశీర్వచనం కాదు, జాకీర్ ఖాన్ 2022లో చేసిన హిందీ ప్రదర్శన; తెగ నవ్వా = పక్కింటివారికి వినబడునట్లు నవ్వితిని; ఏమన్నాడో గుర్తులేదు = ఇంకెవరికైనా చెప్పి నవ్విద్దామంటే రావడం లేదు.

తాత్పర్యం: నవ్వు మిగిలింది, జోకు మిగల్లేదు.

విశేషం: నవ్వు ఆరు రకాలు అన్నాడు భరతుడు. స్మితం, హసితం ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవి. ఉత్తముడు పెదవి దాటనివ్వడు, అధముడు కళ్లనీళ్లు పెట్టుకుని పక్కవాడి తొడ మీద కొడతాడు. ఈ కాలంలో ఏడో రకం చేరింది: ముఖంలో ఒక్క కండరమూ కదలకుండా, వేలితో నాలుగు ఏడుపు నవ్వు బొమ్మలు పంపడం. గ్రంథకర్త ‘తెగ’ అన్నాడు కాబట్టి అతనిది ఆరో రకం. తనను తాను అధముల్లో వేసుకోవడానికి జంకలేదు. అందుకే అతని సాక్ష్యాన్ని నమ్ముతున్నాం.

నిలబడి ఒక్కడే నవ్వించే ఈ కళ మనకు కొత్తదని కొందరంటారు. ఆదిభట్ల నారాయణదాసు గజ్జెకట్టి చిడతలు పట్టుకుని గంటల తరబడి ఒక్కడే సభను ఏలిన నేల ఇది. హరికథకు వెళ్లినవారు ఇంటికొచ్చాక అసలు కథ కన్నా మధ్యలో చెప్పిన పిట్టకథనే తలచుకుని నవ్వుకునేవారు. ఇక ముందు వరుసవాణ్ణి పట్టుకుని ఆడించే క్రౌడ్ వర్క్ ఉంది కదా, దానికి మన దగ్గర ఏకంగా కుర్చీ ఉంది. అష్టావధానంలో ఒక పృచ్ఛకుడి పనే అప్రస్తుత ప్రసంగం. అవధాని దత్తపదితో కుస్తీ పడుతుండగా మధ్యలో దూరి, పొద్దున ఉప్మాలో జీడిపప్పు వేశారా అని అడగడం అతని ధర్మం. అవధాని తడుముకోకుండా సభ నవ్వేలా జవాబు చెప్పి మళ్లీ పద్యంలోకి పోవాలి. ఇప్పుడు జరిగిందల్లా ఏమిటంటే, అప్రస్తుతం అడిగే పని వేదిక మీదికి ఎక్కింది, ఇరుకున పడే పని టికెట్టు కొన్నవాడిది అయింది.

శంక: గుర్తులేనిదాన్ని బాగుందని ఎలా అంటాడు?

సమాధానం: తథాస్తులో జాకీర్ ఖాన్ ఎక్కువగా చెప్పింది తన తాతగారి గురించి, సారంగి వాయించే తమ ఇంటి గురించి. నవ్వుల కింద ఆ కథ నడుస్తూనే ఉంటుంది. గ్రంథకర్తకు మాటలు గుర్తులేకపోవచ్చు. కానీ కాల్ లాగ్ అనే శాసనం ఒకటి లభ్యమవుతోంది: ప్రదర్శన చూసిన మర్నాడు ఉదయం ఏడింటికి అతను ఊళ్లో ఉన్న తాతగారితో పదకొండు నిమిషాలు మాట్లాడాడు. అంతకు ముందరి శాసనం సంక్రాంతినాటిది.

షష్ఠ వాక్యం

ప్రతిపదార్థం: అక్కని = నీ భార్యను; బలగం = వేణు యెల్దండి 2023లో తీసిన, తెలంగాణ పల్లెలో ఒక చావు చుట్టూ అల్లిన చిత్రాన్ని; ఒక్కతే = నువ్వు పక్కన లేకుండా; చూడొద్దని చెప్పు = నువ్వు కూర్చో.

తాత్పర్యం: బావా, నువ్వూ చూడు.

విశేషం: గ్రంథం మొత్తంలో ఉన్న ఒకే ఒక్క నిషేధం ఇది. పుష్పకు అనుమతి ఇచ్చాడు, కోర్ట్‌కు చింతించాడు, ఇక్కడ మాత్రం గట్టిగా ‘వద్దు’ అన్నాడు. మామూలుగా నిషేధానికి కారణం హింసో, భయమో. ఇక్కడ రెండూ లేవు. ముసలాయన పోతాడు, పిండం కాకి ముట్టదు, ఊరు అడుగుతుంది, ఇంటివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

ప్రేక్షకుల స్పందనకు ‘సిద్ధి’ అని పేరుపెట్టి, నాట్యంలోని 11 విషయాల్లో దాన్నీ ఒకటిగా లెక్కించాడు భరతుడు. నవ్వు, ఆహా అనడం, అయ్యో అనడం, లేచి నిలబడటం, ఒంటి మీది బట్టలు విసిరి ఇవ్వడం, ఇదంతా మానుష సిద్ధి. మొదటి ఆటకు కాగితాలు చల్లే మన కుర్రాళ్లు ఈ తరగతి. హాలు నిండా జనం ఉండి చప్పుడు లేకపోవడం దైవిక సిద్ధి. బలగం రెండో తరగతిది. ఊళ్లలో తెరలు కట్టి చూపిస్తే వాడలకు వాడలు వచ్చి కింద కూర్చుని చూశాయి. పస్తం మొగిలయ్య, కొమురమ్మ గొంతులు చివర్లో లేచినప్పుడు ఎవరూ ఈల వేయలేదు.

ఒంటరిగా ఎందుకు చూడకూడదు? ఇక్కడ ధ్వని పట్టుకోవాలి. ఆ సినిమాలో ఇంటి ఆడబిడ్డ ఏళ్ల తరబడి పుట్టింటి గడప తొక్కదు. కారణం ఆస్తి కాదు, హత్య కాదు. విందులో నల్లి బొక్క దగ్గర బావకూ బావమరుదులకూ మాట తేడా వచ్చింది. అంతే. ఇప్పుడు ఈ సందేశం ఎవరు ఎవరికి రాశారో మరోసారి చూడండి. బావమరిది, బావకు. పై అయిదు వాక్యాల్లోనూ సినిమాల గురించి మాట్లాడినవాడు, ఆరో వాక్యంలో తమ గురించి మాట్లాడాడు. వాళ్ల మధ్య నల్లి బొక్క ఉందో లేదో మూలంలో లేదు, కాబట్టి మేము రాయం.

పాఠాంతరాలు

బ్రౌను దొర కడపలో పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి పలు తాళపత్రాలు తెప్పించి, పాఠాలు పోల్పించాడు. మేమూ అదే పద్ధతిన గ్రంథకర్త ఆ వారంలోనే ప్రథమ వాక్యాన్ని ఇతరులకు చెప్పిన తీరు సేకరించాం.

అమ్మతో ఫోనులో: ‘పుష్పనా? వద్దమ్మా, అంతసేపు కూర్చోలేవు. జాతర పాట ఒక్కటి ఫోన్లో చూపిస్తాలే.’

ఆఫీసులో పైఅధికారితో: ‘సూపర్ సార్. పైసా వసూల్.’

కాలేజీ మిత్రుల గుంపులో: ‘సెకండాఫ్ సాగదీశాడ్రా.’

పదేళ్ల కూతురితో: ‘అది పెద్దవాళ్లది. నువ్వు పెద్దయ్యాక చూద్దువుగాని.’

పై అన్నిటిలో ఏది శుద్ధపాఠం? మామూలు పరిష్కర్త అయితే ఒకటి ఉంచి మిగతావి లేఖకుల ప్రమాదాలని అడుగున వేస్తాడు. మేము అన్నిటినీ మూలంలోనే ఉంచుతున్నాం. అమ్మకు నడుం నొప్పి ఉంది. పైఅధికారి ఆ హీరో అభిమాని, ఇంక్రిమెంట్లు జూన్‌లో. మిత్రులకు అబద్ధం చెప్పక్కర్లేదు. కూతురికి నిజం చెప్పక్కర్లేదు. చూసిన సినిమా ఒకటే, చెప్పించుకున్నవాళ్లు వేరు.

పూర్వపక్షం

‘ఇదే మేమూ అంటున్నాం’ అని విమర్శకులు లేస్తారు. మనిషికో మాట చెప్పేవాడి అభిప్రాయానికి విలువేముంది? ముఖం చూసి మార్చేది ముఖస్తుతి అవుతుందిగాని తీర్పు ఎలా అవుతుంది? పైగా కారణాలు చెప్పడు. ఛాయాగ్రహణం గురించి ఒక మాట లేదు, కూర్పు గురించి లేదు, సంగీతం గురించి లేదు. ఇలాంటివాళ్ల మాటలు పోగేసి వ్యాఖ్యానం రాయడం తాటాకులకు దండగ.

సిద్ధాంతం

పూర్వపక్షి వేసిన ప్రశ్న న్యాయమైనదే. పైఅధికారికి చెప్పిన మాట ముఖస్తుతే, దాన్ని సమర్థించం. కళ ఎలా నిర్మించారో, ఎందుకు నిలుస్తుందో చెప్పేవాళ్లు మనకు కావాలి. ఆ పని బావమరిది చేయలేడు. కాని విమర్శకుడికి చేతకాని పని ఒకటుంది. అతని 2.75 ఎవరికో అతనికే తెలియదు. నడుం నొప్పి ఉన్న అమ్మకూ అదే 2.75, ఎనిమిదో తరగతి కుర్రాడికీ అదే. పేరుపెట్టి పిలవడానికి అతనికి ఎదుట మనిషి లేడు. బావమరిది మాటకు ఎదుట ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి ఎంతసేపు కూర్చోగలడో, ఎక్కడ ఏడుస్తాడో, ఎవరితో కలిసి చూస్తే మంచిదో చెప్పేవాడికి తెలుసు. అతను తూచేది సినిమాను ఒక్కదాన్నే కాదు. సినిమాను ఒక పళ్లెంలో, నిన్ను ఇంకో పళ్లెంలో పెట్టి తూస్తాడు. కాబట్టి అతని వాక్యాల్లో కారణాలు లేవనడం పొరపాటు. ‘బావా’ అన్నదే కారణం.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ ప్రమాణం దగ్గరివాళ్ల మధ్యే పనిచేస్తుంది. బావమరిది తన ఆరు వాక్యాలనూ ముక్కూమొహం తెలియని లక్షమంది కోసం రాస్తే, మొదటి వారంలోనే అవి 2.75గా మారిపోతాయి. అలా మారిన బావమరుదులు చాలామంది ఉన్నారు. వారిలో కొందరు ఇప్పుడు విమర్శకులు.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యానం శ్రద్ధగా చదివినవారు ‘సినిమా ఎలా ఉంది?’ అని అడగడం మాని ‘నాకు నచ్చుతుందా?’ అని అడుగుతారు. అలా అడిగినవారికి వారాంతాలు కలిసొస్తాయి. ‘మా అమ్మకి?’ అని కూడా అడిగినవారికి మధ్యలో లేచి వచ్చే బాధ తప్పుతుంది. అడగకుండా రేటింగు చూసి టికెట్టు కొన్నవారికి ఎలాంటి హానీ జరగదు, ఒకసారి చూడొచ్చు.

గద్యము

ఇది శ్రీమత్ కూకట్‌పల్లి పురవర నివాస, మాసచందా సమర్పణ జనిత సకల వేదికా ప్రవేశాధికార, స్కిప్ ఇంట్రో ప్రహరణ దక్ష దక్షిణాంగుష్ఠ, బావమరిది ప్రణీతంబైన వాక్యషట్కంబునకు అనామక వ్యాఖ్యాతృ విరచితంబైన టీకా తాత్పర్యంబునందు ప్రథమ భాగము. పూర్వులు ఇక్కడ ‘సమాప్తము’ అని రాసేవారు. పుష్ప రెండో భాగం చివర మూడోదాని పేరు పడినది, కల్కి సగం కథతో ఆగినది. కావున నేటి ఆచారం ప్రకారం మేమును ఆ మాట రాయక, బావ పంపిన ప్రత్యుత్తరము ‘ల్యాగ్ ఏం లేదు, నువ్వే పడుకుని ఉంటావ్’ అన్నదానిపై ద్వితీయ భాగము త్వరలో వెలువడునని ఇందుమూలముగా ప్రకటించుచున్నాము.